రెండు మందులూ ఒకే డబ్బాలో

నా భార్య చేతులు అలా కావడానికి కారణం మందుల షాపువాడు, కళ్లజోడు అంటారు వాణ్ణి. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ఆమె పోయి నాలుగేళ్లయింది, అంతకు ముందు నుంచీ నాకు ఈ సంగతి తెలుసు, వాడి షాపు ముందు నుంచి పోవాల్సి వస్తే రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తాను. వాడు లోపల్నుంచి చెయ్యి ఊపుతాడు. నేను ఊపను. ఒకసారి వర్షంలో గొడుగుతో ఎదురొచ్చి, "ఏం మేస్త్రీ, మనుషులు కనపడటం లేదా?" అన్నాడు. "కనపడుతున్నారు, అందుకే పక్కకి పోతున్నా" అన్నాను. పగ అంటే నేను చెక్కకి వేసే పాలిష్‌లా ఉండాలి, పొర మీద పొర, ఒక పొర ఆరాకే ఇంకో పొర. తొందరపడి వేసినది వేలితో గీకితే ఊడిపోతుంది. నాది ఊడేది కాదు, ఈ పొద్దున ఇంటి తలుపు తాళం వేసేటప్పుడు కూడా ఊడేది కాదు. ఇప్పుడు ఈ చర్మం ఆసుపత్రిలో, మందులిచ్చే కిటికీ ముందు ఇనుప బెంచీ మీద కూర్చున్నాను. చేతిలో అరవై ఒకటో నంబరు చీటీ, కిటికీ పైన ఎర్ర అంకెల్లో ముప్పై నాలుగు. నా కూతురు కిందికి దిగి, పనిచేసే చోటికి ఫోను చేసుకుంటోంది. దిగేముందు ఒక మాట అంది. "ఈ ట్యూబు నేను తీసుకోను నాన్నా. అమ్మకి రాసిందీ ఇదే. రెండేళ్లు పూసుకుంది, ఏమైంది? పోయేటప్పుడు కళ్లజోడు అంకుల్ దగ్గర ఆ చిన్న ట్యూబు కొనుక్కుంటా. నాలుగు రోజుల్లో నున్నగా అవుతుంది." చెప్పడానికి నా దగ్గర ఒకే సంగతి ఉంది. అది బయటికి వస్తే ఈ మందు ఆమె తీసుకుంటుంది, రాకపోతే వాడి దగ్గరికి పోతుంది. ఇంకా ఇరవై ఏడు నంబర్లు. ఒక గంట.

ఇందాక లోపల చూసిన డాక్టరమ్మ చిన్నది, నా కూతురి కంటే చిన్నది. కడిగి కడిగి తెల్లబడ్డ వేళ్లతో నా కూతురి మోచెయ్యి పట్టుకుంది, తొడుగులు కూడా వేసుకోలేదు. అది చూశాక ఆమె మీద కోపం తెచ్చుకోవడం కష్టమైంది. అయినా తెచ్చుకున్నాను, డాక్టర్లందరి మీదా నాకున్న కోపంలో ఈమె వాటా ఈమెకి ఇవ్వాలి కదా. అద్దం పెట్టి చూసింది. గోరుతో ఒక పొలుసు అంచు లేపి చూసింది. సోరియాసిస్ అంది, మాకు తెలియనట్టు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అంటే అమ్మకి ఉండేది అంది కూతురు. ఏం వాడారంటే నోరు తిరగని ఆ పేరు గడగడా చెప్పింది, కాల్సిపోట్రియాల్, విటమిన్ డి జాతి మందు, రెండేళ్లు మేడమ్, ఏం లాభం లేదు. డాక్టరమ్మ కలం ఆపింది. "అసలేమీ తగ్గలేదా? కొందరికి పనిచేయదు, నిజమే. కానీ అసలేమీ అంటే..." అని నా వైపు చూసింది. నేను గోడ మీద బొమ్మ చూశాను. ఎర్రటి వీపు బొమ్మ, తల లేదు, కాళ్లు లేవు, ఎవరి వీపో ఎవరికీ అక్కర్లేదు. ఆమె చెప్పుకుపోయింది. "మామూలుగా చర్మం నెల రోజులకి పాతది పోయి కొత్తది వస్తుంది. మీకు నాలుగైదు రోజులకే తోసుకొచ్చేస్తోంది, పాతది ఊడే టైము లేక పేరుకుపోతోంది. దాని తొందర తగ్గించే మందు ఇది. మెల్లగా పనిచేస్తుంది, నెలన్నర, రెండు నెలలు ఓపిక పట్టండి. పలచగా రాయండి, మొహానికి వద్దు, రాశాక చేతులు కడుక్కోండి. ఎక్కువ పూస్తే తొందరగా తగ్గదు, ఒంట్లో కాల్షియం పెరుగుతుంది అంతే." నా కూతురు తలాడిస్తూ చొక్కా చేతి గుండీ పెట్టుకుంటోంది. వినడం లేదు. మందుల షాపుకి పోవాలని లోపల్లోపల నిర్ణయం అయిపోయింది. ఆ గుండీ కాజాలో పడేలోపే డాక్టరమ్మ రెండో మందు రాస్తూ అంది, "ఇది పెచ్చులు మెత్తబడి ఊడటానికి. శాలిసిలిక్ ఆయింట్‌మెంట్. ఇది ఒక పూట, బాగా కడిగేశాక అది ఇంకో పూట. రెండూ కలపనే కలపొద్దు. ఇందులో యాసిడ్ ఉంటుంది, అది తగిలితే ఆ విటమిన్ మందు చచ్చిపోతుంది. ఇక పూసినా ఒకటే, పూయకపోయినా ఒకటే." నవ్వుతూ అంది. రోజుకి యాభై మందికి చెప్పే మాట. నా చేతిలో సంచీ కింద పడింది. వంగి తీసుకున్నాను. ఎవరూ చూడలేదు.

ముప్పై ఏడు. పక్కన కూర్చున్న లావుపాటావిడ తన సంచీని నా కూతురు కూర్చుని లేచిన చోటి నుంచి లాగి ఒళ్లో పెట్టుకుంది. అరచేతితో దులిపింది కూడా. ఆవిడ చూపు చీటీ మీదికి, నా మొహం మీదికి, మళ్లీ బెంచీ మీదికి వచ్చింది. "ఏమనుకోకండి, మీ అమ్మాయికి ఉన్నది అంటుకునేదేనా?" అంది. "అంటుకోదు" అన్నాను. "అంటుకునేదైతే ముందు మీకే అంటించేవాణ్ణి." మూతి ముడుచుకుని రెండు కుర్చీలు అవతలికి పోయింది. పోనీ. ఇలాంటి వాళ్లని వందమందిని చూశాను, ముట్టుకున్న గ్లాసు రెండుసార్లు కడిగేవాళ్లు, పలకరిస్తూనే చెయ్యి వెనక్కి తీసుకునేవాళ్లు. పైగా వైద్యం చెప్పేవాళ్లు, మా తోడికోడలికి ఇలాగే ఉంటే ఫలానా నూనె రాసింది అని. నా భార్య అందరికీ సరే అనేది. నోట్లో నాలుక లేని మనిషి అనేవారు ఆమెని. నాలుక ఉంది, నాకు తెలుసు, నా దగ్గరే బయటపెట్టేది. నల్ల కోట్లు కుట్టేది ఆమె. లాయర్ల కోట్లు. మిషను పని టైలరు చేస్తే లోపలి గుడ్డ వేయడం, కాజాలు తీయడం, కాలరు కింద చేతికుట్టు ఆమెది. ఎంత సన్నం కుట్టు అంటే, తిరగేసి చూసినా దారం ఎటు పోయిందో తెలియదు. మొదట మోచేతుల మీద వచ్చింది, రూపాయి బిళ్లంత. తర్వాత వేళ్ల కణుపుల మీద, వీపు మీద, చెవుల వెనక. తెల్ల పొలుసులు నల్ల కోటు మీద రాలితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆమె చిన్న బ్రష్షు ఒకటి పెట్టుకుంది, కుట్టుకి ఒకసారి దులిపేది, కుట్టడం కంటే దులపడం ఎక్కువైంది. టైలరు చెడ్డవాడు కాడు, అదే నాకు మంట. చెడ్డవాడైతే పోయి కొట్టి వచ్చేవాణ్ణి. "అక్కా, ఈ వారం నుంచి దిండు గలీబులు కుట్టు, సుఖంగా ఉంటుంది" అన్నాడట. తెల్ల గలీబులు. తెల్ల గుడ్డ మీద కనపడదని. పదహారేళ్లు కాజాలు తీసిన చేతికి దిండు సంచులు. ఇంటికొచ్చి నాకు చెప్పి, "చూశారా, నాకు ప్రమోషన్" అంది. నేను నవ్వలేదు. ఆమె కోసమైనా నవ్వాల్సింది.

నలభై. కిటికీలో మనిషి టీ తాగడానికి లేచాడు. ఎర్ర అంకె నిలబడిపోయింది. మంచిదే, నాకేం తొందర లేదు, ఇక్కడే సాయంత్రం దాకా కూర్చోబెట్టినా సంతోషమే, నా కూతురి ఫోను తెగకుండా మోగుతూ ఉంటే ఇంకా సంతోషం. ఆమె బస్టాండులో టికెట్ల కిటికీ వెనక కూర్చుంటుంది. రోజంతా చెయ్యి బయటికి పెట్టాలి, అందరి చూపూ ఆ చేతి మీదే. నిన్న ఒకాయన టికెట్టు చెక్క మీద పెట్టమని, అక్కణ్నుంచి తీసుకున్నాడట. నా దగ్గర ఏడవలేదు. వాళ్లమ్మ పోలిక. నేనేం చేయాలి? నాకు తెలిసిందల్లా పాలిష్. బల్లలు, బీరువాలు, తలుపులు, పాడైపోయిన పాత కుర్చీలు. మా పనిలోనూ పెచ్చులే, లక్క పెచ్చులు, బంగారు రంగులో వెల్లుల్లి పొట్టంత పలచగా ఉంటాయి, రాత్రంతా స్పిరిట్‌లో నానేస్తే కరిగి తేనెలా అవుతాయి. గుడ్డ ముద్ద చేసి, ఊపిరి బిగబట్టి, చెక్క పోగు వెంట లాగాలి. ఒక పొర. ఆరాలి. మళ్లీ ఒక పొర. పధ్నాలుగు పొరలు వేసిన బల్ల ఒకటి నా జీవితంలో ఉంది, దాంట్లో మొహం చూసుకోవచ్చు. ఊళ్లో బడిలో ఐదు దాకా చదివాను. అక్షరం ముక్క వచ్చు, కానీ ఆ ట్యూబు పెట్టెలో మడతలు మడతలుగా వచ్చే సన్న కాగితం మీద అక్షరాలు నావి కావు. నా భార్యకీ రావు. నా కూతురు అప్పుడు చదువుకి హాస్టల్లో ఉంది, సెలవలకి వచ్చేది. ఆ కాగితాలు నేను గరుకు కాగితం కింద అట్టగా వేసుకున్నాను, పనికొచ్చాయి. అప్పటి డాక్టరు ముసలాయన, తలెత్తి మొహం చూడలేదు. ఇది పొద్దున, ఇది సాయంత్రం, కడుక్కుని రాయాలి, పో. అంతే. ఎందుకో చెప్పలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఒక్క మాట, ఈ పిల్ల డాక్టరమ్మ అన్న ఒక్క మాట, అది తగిలితే ఇది చచ్చిపోతుంది అని ఆయన అని ఉంటే. అని ఉంటే వినేవాడినా? వినేవాణ్ణి. ఏమో. తప్పు ఆయనది కూడా. కళ్లజోడుది, ఆయనది.

మొదటి మూడు వారాలు వేరు వేరుగానే రాశాం. వీపుకి ఆమె చెయ్యి అందదు, అది నా పని. పొద్దున పెచ్చుల మందు, సాయంత్రం స్నానం అయ్యాక విటమిన్ మందు. నేను చీదరించుకోలేదు. ఒక్కరోజు కూడా. అది నా గొప్ప అనుకునేవాణ్ణి, ఇంకే మొగుడు చేస్తాడు అని మనసులో అనుకునేవాణ్ణి, అనుకోవడమే కాదు ఒకసారి పైకే అన్నాను. ఆమె వీపు నా చేతి కింద కొంచెం బిగుసుకుంది. మూడో వారం చివర ఒక పొద్దున కిటికీ దగ్గర నిలబడి, "ఏమండీ, ఇటు రండి" అంది. ఎడమ మోచెయ్యి. పెచ్చు లేదు. లేత గులాబీ మచ్చ, నున్నగా, గరుకు కాగితంతో తీసిన చెక్కలా. "పట్టుకుని చూడండి." పట్టుకున్నాను. "పలచబడింది కదూ? నాకే అనిపిస్తోందా?" "పలచబడింది" అన్నాను. ఆ రోజు పొట్టి చేతుల జాకెట్టు వేసుకుని వీధి చివరిదాకా పోయి ఊరికే వచ్చింది. కొనడానికి ఏమీ లేదు, ఊరికే వచ్చింది. ఇది నాకు గుర్తుంది. ఇన్నాళ్లూ గుర్తులేదు, లేదా గుర్తున్నదాన్ని ఒక పక్కకి నెట్టి పెట్టాను, ఈ బెంచీ మీద కూర్చున్నాక ఒక్కొక్కటీ తోసుకొస్తోంది. పొట్టి చేతుల జాకెట్టు. మందు పనిచేసింది. ఎవరేమన్నా సరే, మూడు వారాలు పనిచేసింది. ఆ తర్వాతి ఆదివారం నాకు పని లేదు. పెద్ద ఇంటి పని ఒకటి ఒప్పుకున్నాను, రేపట్నుంచి చీకటితో పోవాలి, రావడం ఎప్పుడో. పొద్దునా సాయంత్రమూ రాయడానికి నేనెక్కడ ఉంటాను? మైనం డబ్బా ఒకటి ఖాళీగా ఉంటే వేడినీళ్లతో మూడుసార్లు కడిగాను. రెండు మందులూ అందులో పిండాను, ఉన్నవన్నీ. లప్పం పట్టే రేకుతో తిప్పి తిప్పి కలిపాను, ఒక్క గీత లేకుండా, వెన్నలా వచ్చింది. నాకు ముచ్చటేసింది. ఆమె తలుపు దగ్గర నిలబడి చూసింది. "డాక్టరు వేరే వేరే పూటలన్నాడు కదండీ." "ఆ డాక్టరు జన్మలో ఒక్క బల్లకైనా పాలిష్ వేశాడా?" అన్నాను. "నేను బల్లనా?" అంది. నవ్వుతూనే అంది. "అయినా రెండూ పోయేది ఒకే ఒంటి మీదికి కదా, నాకు రోజుకి ఒక్కసారే వీలవుతుంది" అన్నాను. సరే అంది. బయటివాళ్లకి అనే సరే, నాకు అంది.

నలభై ఆరు. టీ తాగి వచ్చాడు, అంకెలు పరిగెడుతున్నాయి. కళ్లజోడుని నేను అడిగాను. అడిగాను, అబద్ధం కాదు. మందు కొనడానికి పోయి, "రెండూ కలిపి రాస్తున్నాం, ఏమైనా అవుతుందా?" అంటే వాడు అద్దాలు ముక్కు మీదికి దించి, "ఏమవుతుంది మేస్త్రీ, కలిసి కాపురం చేస్తాయి" అన్నాడు. షాపులో ఉన్నవాళ్లు నవ్వారు. "అసలు విటమిన్ డి అంటే ఎండే. మీ ఆవిణ్ణి మేడ మీద కూర్చోబెట్టు, ట్యూబు అక్కర్లేదు" అన్నాడు. ఇంకా నవ్వారు. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్లు బతికాను. వాడే కలపమన్నాడని. కానీ నేను అడిగింది ఎప్పుడు? చలి మొదలైంది అప్పటికి, వాడు గొంతుకి మఫ్లరు చుట్టుకుని ఉన్నాడు. డబ్బా కలిపింది ఎండాకాలం చివర. మధ్యలో నాలుగు నెలలు. అప్పటికే మోచేతి మీద గులాబీ మచ్చ పోయి మళ్లీ తెల్లగా పెచ్చు కట్టింది, వీపు మొత్తం పాకింది, ఎందుకిలా అయిందో నాలో ఎక్కడో తెలిసే అడిగాను. తెలియకపోతే ఎందుకు అడుగుతాను? ఏమీ కాదు అనిపించుకోవడానికి పోయాను. వాడు అన్నాడు. నాకు కావలసింది వాడు అమ్మాడు, వాడి వ్యాపారమే అది. ఆ తర్వాత వాడి తప్పు వాడిది, దాన్ని నేను తగ్గించను. చిన్న ట్యూబు ఇచ్చాడు, స్టెరాయిడ్‌ది, డాక్టరు చీటీ లేకుండా. నాలుగు రోజుల్లో చేతులు అద్దంలా అయ్యాయి. నెల రోజులు పండగ. ఆపగానే రెండింతలై వచ్చింది, మళ్లీ పూయడం, మళ్లీ ఆపడం, ఆఖరికి చర్మం ఉల్లిపొరలా అయింది, బల్ల అంచు తగిలితే చిరిగేది. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట" అంది ఆమె గుడ్డ కట్టుకుంటూ, నాతో కాదు, గుడ్డతో. నా కూతురు ఇప్పుడు ఆ ట్యూబు కోసమే పోతుంది. ఆ నున్నదనం చూసింది కానీ చిరగడం చూడలేదు, అప్పటికి హాస్టల్‌కి పోయింది.

మా పనిలో ఒక జోడీ మేస్త్రీ ఉండేవాడు, నాకంటే ఆరేళ్లు పెద్ద. పెద్ద భోజనాల బల్ల ఒకటి ఇద్దరం చేస్తున్నాం. నేను మధ్యాహ్నం లేనప్పుడు, తొందరగా ఆరుతుందని, నూనె వార్నిష్‌లో స్పిరిట్ పాలిష్ పోసి కలిపాడు. పాలు విరిగినట్టు విరిగి, బల్ల నిండా పొక్కులు. నేను వచ్చి చూసి వాడి సామాను వీధిలో పడేశాను. "దేంట్లో ఏది కలపకూడదో తెలియనివాడికి చెక్క ముట్టుకునే అర్హత లేదు" అన్నాను, పదిమంది వింటుండగా. తప్పయింది మేస్త్రీ అని మూడుసార్లు ఇంటికి వచ్చాడు. మూడుసార్లూ నా భార్యే తలుపు తీసి, మంచినీళ్లిచ్చి, పంపేసింది. నేను లోపల కూర్చుని విన్నాను. మూడోసారి పంపాక ఆమె, "మనిషి అన్నాక ఒకసారి కలుపుతాడు. కడుక్కోనివ్వాలి కదా" అంది. నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను. అది ఎప్పటి మాట? డబ్బాకి ముందా తర్వాతా? ముందే. ముందే అయి ఉండాలి. తర్వాత అయితే ఆ మాట ఆమె ఎవరి గురించి అంది?

యాభై ఒకటి. ఇక్కడ ఫ్యాను తిరిగేది డాక్టర్ల వైపే. డబ్బా అయిపోతే మళ్లీ కలిపాను, మళ్లీ కలిపాను. రెండేళ్లు. పనిచేయకపోతే నాకు కోపం వచ్చేది, మందు మీద కాదు, ఆమె మీద. సరిగా రాసుకోవడం లేదు నువ్వు. రాసి వెంటనే తుడిచేస్తున్నావు. గోకుతున్నావు. నేను ఇంత చేస్తుంటే నీకు బాగుపడాలని లేదు. గోడలు వినేలా అన్నాను, పక్కింటివాళ్లు వినేలా అన్నాను. ఆమె ఒక్కసారి నోరు తెరిచి ఉంటే చాలు. ఏమండీ, వేరుగా రాసినప్పుడు తగ్గింది కదా, అని ఒక్కసారి. తెరవలేదు. ఎందుకు తెరవలేదే నువ్వు? కళ్లజోడుని తిట్టడం తేలిక, చచ్చిపోయినదాన్ని తిట్టడం ఇంకా తేలిక, జవాబు రాదు. తెరిస్తే నేను ఏం చేసేవాణ్ణో ఆమెకి తెలుసు. ఆ జోడీ మేస్త్రీ సామాను వీధిలో పడిందని వింది కదా. తప్పు నాదని తెలిస్తే నేను ఎలా తట్టుకుంటానో తెలుసు, అందుకని తన చర్మం నాకు ఇచ్చేసింది. ఇంతకంటే నన్ను అవమానించడం ఇంకెవరి వల్లా కాదు. చివర్లో గుండె జబ్బు. దానికీ దీనికీ సంబంధం లేదన్నారు. ఆసుపత్రి మంచం మీద నర్సుతో, "చేతులు కప్పమ్మా, డాక్టర్లు వస్తారేమో" అంది. ఆఖరి రోజు కళ్లజోడు కూడా వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "ఏ మందూ పట్టని ఒళ్లు మేస్త్రీ, పాపం" అన్నాడు. నా కూతురు నా మొహం చూసింది. అవును అని తలాడించాను. ఆ తలాడింపే ఇప్పుడు తిరిగి నా ముందు కూర్చుంది, అమ్మకి పనిచేయలేదు, నాకూ పనిచేయదు అని.

యాభై ఎనిమిది. మెట్ల మీద నా కూతురి చెప్పుల చప్పుడు. నేను లేచి ఎదురు పోలేదు, చీటీని మడిచి, విప్పి, మళ్లీ మడిచాను.

"ఇంకా ఇక్కడే కూర్చున్నావా? పద నాన్నా, ఆ చీటీ ఎవరికైనా ఇచ్చేద్దాం. వీళ్లకైనా తొందరగా అవుతుంది."

"కూర్చో."

"బస్సు పోతుంది."

"కూర్చోమన్నానా?"

కూర్చుంది. లావుపాటావిడ రెండు కుర్చీల అవతల నుంచి చెవి ఇటు పెట్టింది. పెట్టుకోనీ.

"ఆ మందు మీ అమ్మకి పనిచేసింది" అన్నాను.

"ఏంటి?"

"మూడు వారాలు పనిచేసింది. ఎడమ మోచెయ్యి నున్నగా అయింది, నేను పట్టుకుని చూశాను. ఆ తర్వాత రెండు మందులూ ఒకే డబ్బాలో కలిపాను. కలిపితే చచ్చిపోతుందట. ఇందాక డాక్టరమ్మ చెప్పింది, నువ్వు గుండీ పెట్టుకుంటున్నావు. రెండేళ్లు నేను పూసింది చచ్చిన మందు."

ఆమె నన్ను చూడలేదు. ఎదురుగా గోడని చూసింది.

"కళ్లజోడు అంకుల్ కలపమన్నాడా?"

ఇక్కడ ఒక దారి ఉంది. అవును అంటే చాలు. తొమ్మిదేళ్లుగా నడిచిన దారే, కాళ్లకి అలవాటే.

"కాదు. నేనే కలిపాను. వాణ్ణి అడిగింది తర్వాత. వాడి చిన్న ట్యూబు మాత్రం ముట్టుకోకు. మీ అమ్మ చర్మం దాంతో చిరిగింది, నువ్వు చూడలేదు."

"అమ్మకి తెలుసా, కలపకూడదని?"

"వేరే వేరే పూటలన్నారని చెప్పింది. నేను వినలేదు."

అరవై అని వెలిగింది. ఆమె గొంతు చిన్నపిల్ల గొంతులా వచ్చింది.

"ఒకసారి సెలవల్లో, నువ్వు అమ్మని తిడుతుంటే విన్నాను నాన్నా. సరిగా రాసుకోవడం లేదని. నువ్వు బయటికి పోయాక నేనూ అన్నాను. నాన్న అంత చేస్తుంటే నీకేం బద్ధకమమ్మా, అన్నాను. నిజమే అనుకున్నా. అమ్మ నా తల నిమిరి, రేపట్నుంచి సరిగా రాసుకుంటాలే, అంది."

ఇది నాకు తెలియదు. ఈ ఒక్కటి నాకు తెలియదు. నేను నా వరకే లెక్క వేసుకుంటున్నాను, నా చెయ్యి, నా డబ్బా, నా పగ. నా అబద్ధం ఈమె నోట్లోంచి కూడా వెళ్లి వాళ్లమ్మకి తగిలిందని ఎవరూ చెప్పలేదు. ఎర్ర అంకె మారింది. నా కూతురు నా వేళ్ల మధ్య నుంచి చీటీ లాక్కుని కిటికీ దగ్గరికి పోయింది. వీపు నా వైపు పెట్టి నిలబడి, లోపలి మనిషిని గట్టిగా అడిగింది, అందరికీ వినపడేలా, "వీటిలో పొద్దున ఏది, సాయంత్రం ఏది? రెంటికీ మధ్య ఎంతసేపు ఆగాలి? రాసివ్వండి." అతను విసుక్కున్నాడు. ఆమె కదల్లేదు. రాయించుకునే వచ్చింది.

మెట్లు దిగుతున్నాం. నాకంటే ఒక మెట్టు ముందు నడుస్తోంది. కింది మెట్టు మీద ఆగి, వెనక్కి తిరక్కుండా, "కలిపేటప్పుడు అమ్మ ఇంకేమైనా అందా? ఎలా ఉంది అప్పుడు?" అంది.

"అడగకు" అన్నాను.

"ఒక్కటే నాన్నా..."

"అడగకు."

తిరిగి చూసింది. చూసి, ముందుకి నడిచింది. ఆమెకి కోపం వస్తే రానీ. కోపం ఉన్నవాళ్లు మందు సరిగా రాసుకుంటారు. వాళ్లాయనకి చెప్పుకుంటుందో, ఊరంతా చెప్పుకుంటుందో ఆమె ఇష్టం, అది ఆమె హక్కు, నేను అడ్డం పడను. నన్ను ఓదార్చడానికి ఎవరూ రావొద్దు. తెలియక చేశావు కదా అనేవాళ్లు అసలే రావొద్దు. నా భార్య ఎలా కుట్టేదని అడిగితే చెప్తాను, ఎలా నవ్వేదని అడిగితే చెప్తాను. ఆ రెండేళ్ల గురించి, ఆ కలపడం గురించి ఎవరు అడిగినా, నా కూతురే ఏడుస్తూ అడిగినా, లేచి పోతాను. చెప్పాల్సింది ఒక్కసారి చెప్పాను, ఒక్క మనిషికి. ఇక నా నోట రాదు.